కాపురం ఊరు మార్చేముందు ఒకరోజు హుషారు, మర్నాడు బెంగ: ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్తగా చదివేవాళ్ల కోసం ముందు ప్రశ్న క్లుప్తంగా. గుంటూరు బ్రాడీపేటలో పన్నెండేళ్లుగా అద్దెకుంటున్న కుటుంబం. భర్తకు పూణెలో ఉద్యోగం వచ్చి ఆయన ముందే వెళ్లిపోయారు. ఈవిడ, ఏడో తరగతి పూర్తి చేసిన బాబు, డెబ్బై దాటిన అత్తగారు జూన్ మొదటి వారం దాటాక సామానుతో వెళ్లాలి. ఇంకా ఐదు వారాల టైముంది. "ఒకరోజు పొద్దున్నే లేచి అటక మొత్తం దించేస్తాను. మర్నాడు ఒక్క డబ్బా ముట్టుకోబుద్ధి కాదు. రాత్రయితే ఫోనులో ఆయనతో గొడవ. అత్తయ్య ఏదీ పారేయనివ్వరు, పైగా ఈ ఏడు ఆవకాయ పెట్టాల్సిందే అంటారు. అసలు మా నిర్ణయమే తప్పేమోనని భయంగా ఉంది. అందరికీ ఇలాగే ఉంటుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగారు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ఇళ్ల సామాను షిఫ్టింగ్ పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. బండ్ల సంగతి మా తమ్ముడు చూస్తాడు. ఇళ్లకు వెళ్లి సామాను చూసి అంచనా రాసేది, ప్యాకింగ్ దగ్గరుండి చేయించేది నేను. అంచనాకు వెళ్లిన రోజు నుంచి బండి కదిలే రోజు దాకా ఆ ఇంటివాళ్లతో దాదాపు రోజూ మాట్లాడుతూనే ఉంటాను కాబట్టి మీరు రాసిందంతా నాకు బాగా తెలిసిన విషయమే.

అమ్మా, సూటిగా చెబుతాను. ఇది అందరికీ ఉంటుంది. ఇష్టపడి సొంత ఇంటికి మారేవాళ్లకూ ఉంటుంది. ఒకరోజు బెంగ వేసిందని నిర్ణయం తప్పనుకోవద్దు, ఒకరోజు హుషారొచ్చిందని పని అయిపోయిందనుకోవద్దు. అటక జోలికి ఇప్పుడు వెళ్లకండి, ముందు తేదీలు రాసుకోండి. ఆ తర్వాత ఈ ఒక్క పద్ధతి పట్టుకోండి: ఏది ఉంచాలో ఏది ఇచ్చేయాలో తేల్చే పని వేరు, పెట్టెలో సర్దే పని వేరు. రెండూ ఒకే రోజు పెట్టుకోవద్దు.

ఎందుకంటే అటక దించిన రోజు ఏం జరుగుతుందో నేను ఎన్నో ఇళ్లలో చూశాను. మొదటి అరగంట చకచకా సాగుతుంది. పాత సూట్‌కేసు, కూలర్ గడ్డి, పనికిరాని ఫ్యాను రెక్కలు. తర్వాత స్టీలు సామాను గోతం బయటికొస్తుంది. ప్రతి గిన్నె అంచు మీదా చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరు, కింద తేదీ. ఇది మేనత్త పెళ్లికి పెట్టింది, ఇది బారసాలకు ఎదురింటివాళ్లు ఇచ్చింది, ఇది పోయిన నాన్నగారు తెచ్చింది. ఇక చేతులాడవు. ఆ గోతంలో ఉన్న బరువు ఒక్క మనిషి ఎత్తి పక్కన పెట్టేంతే. కానీ మధ్యాహ్నమంతా దాని ముందే గడిచిపోతుంది. సాయంత్రానికి చూస్తే ఇల్లంతా పరుచుకుని ఉంటుంది, ఒక్క పెట్టె కూడా మూత పడదు. రాత్రి మంచం మీద చోటు చేసుకుని పడుకోవాలి, పొద్దున లేవగానే అదే కళ్లబడుతుంది. మర్నాడు ఏదీ ముట్టుకోబుద్ధి కాకపోవడంలో వింతేముంది? సర్దుడు చేతుల పని, అది ఎంతైనా చేయొచ్చు. ప్రతి వస్తువు దగ్గరా ఆగి ఉంచాలా వద్దా అని తేల్చడమే మనిషిని పీల్చేస్తుంది.

కాబట్టి తేల్చే పనికి రోజుకు ఒక్క గంట చాలు. పొద్దున టిఫినయ్యాక, ఎండ ముదరకముందు. ఆ గంటలో ఒకే అల్మారా, లేదా దానిలో రెండు అరలు. మూడు కుప్పలు పెట్టండి: వెంట వచ్చేవి, ఇచ్చేసేవి, తేలనివి. తేలనిదాని దగ్గర ఎక్కువసేపు నిలబడకండి. ఒక పెట్టె మీద "తర్వాత" అని రాసి అందులో పడేయండి. చివరి వారంలో ఆ పెట్టె ఒక్కసారి తెరిస్తే సగం వస్తువులకు జవాబు మీకే తెలిసిపోతుంది. మిగతావి మారుమాట లేకుండా బండి ఎక్కించేయండి. బండి మొత్తం మీదే అయినప్పుడు ఒకటి రెండు పెట్టెలు ఎక్కువైనంత మాత్రాన కిరాయి మారదు. వాటి కోసం ఇంట్లో మాటామాటా అనుకోవడం అనవసరం. ఇంకో మాట, గంట కాగానే లేచిపోండి. హుషారుగా ఉన్నా సరే లేచిపోండి. మీ విషయంలో హుషారు రోజునే జాగ్రత్త ఎక్కువ కావాలి.

తేదీల సంగతి. ఒక పెద్ద కాయితం మీద బండి రోజు, రైలు రోజు, ఇంటి తాళాలు ఓనరుకు అప్పగించే రోజు, గ్యాస్ అప్పగించే రోజు, స్కూల్ టీసీ తెచ్చే రోజు రాసి ఫ్రిజ్ తలుపు మీద అతికించండి. ఇంట్లో టెన్షన్ సగం తేదీ తేలకపోవడం వల్లే వస్తుంది. నిరుడు సత్యనారాయణపురంలో ఒకళ్లింట్లో అన్నీ కుదిరాక, బండి ఖాయమయ్యాక ఎవరో బంధువు వచ్చి ఆ రోజు మంచిది కాదన్నారు. అంతే, ఇల్లంతా మళ్లీ మొదటికొచ్చింది. అత్తగారికి ముహూర్తాల పట్టింపు ఉంటే పంతులుగారిని ఈ వారమే అడగండి, ఆషాఢం లెక్క కూడా చూసుకోండి. మీవారు ఇప్పటికే అక్కడే ఉన్నారు కాబట్టి ఇంకో వెసులుబాటు ఉంది. మంచిరోజు చూసి ఆయన ముందుగా ఆ ఫ్లాటులో దేవుడి పటం పెట్టి పాలు పొంగించవచ్చు. మా దగ్గరికి వచ్చే కుటుంబాలు చాలా వరకు ఇలాగే చేస్తున్నాయి. అప్పుడు సామాను ఏ వారం దిగిందన్న బెంగ ఉండదు.

ఇక అత్తగారు. ఈ భాగం కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇళ్లల్లో ఎక్కువ కన్నీళ్లు ఇక్కడే చూశాను.

గుంటూరు పట్టాభిపురంలో ఒక ఇంటికి అంచనాకు వెళ్లాను. వాళ్లు హైదరాబాద్ మారుతున్నారు. వెనక వరండాలో నల్లరాతి రుబ్బురోలు ఉంది. గ్రైండరుండగా అదెందుకని కొడుకు, కోడలు అప్పటికే తేల్చేశారు. పెద్దావిడ గొడవేమీ పడలేదు, కాకపోతే తిండి తగ్గించేశారు. నేను లెక్క రాసుకుంటుంటే వెనకే వచ్చి, "రోలు బండిలో పడుతుందా బాబూ?" అని మెల్లగా అడిగారు. పడుతుందమ్మా, అన్నిటికంటే ముందు అదే ఎక్కిస్తాం అన్నాను. బరువైనవి ఎప్పుడైనా కింద, డ్రైవర్ క్యాబిన్ వైపే పెడతాం కాబట్టి అది మాకు మామూలు విషయం. కొడుకుతో కూడా మాట్లాడాను, ఆయన సరేనన్నాడు. ఆ తర్వాత ఆవిడే గంగాళం, ఇత్తడి బిందెలు తీసి కూతురికి పంపేశారు. అప్పటిదాకా వాటిని తాకనిచ్చేవారు కాదట.

పెద్దవాళ్లను "ఏం తీసేద్దాం?" అని అడగొద్దు. "మీకు ఏవేవి తప్పకుండా రావాలి?" అని ముందు అడగండి. చెప్పినవి వాళ్ల కళ్లముందే రాయండి, ఏ పెట్టెలోకి వెళ్తాయో చూపించండి. రావాల్సినవి వస్తాయన్న నమ్మకం కుదిరాక మిగతావి వాళ్లంతట వాళ్లే వదిలేస్తారు. మీ అత్తగారి గది, దేవుడి అల్మారా అన్నిటికంటే చివర సర్దండి, అక్కడ దిగాక అన్నిటికంటే ముందు విప్పండి. నెలకు సరిపడా బీపీ, షుగర్ మాత్రలు, డాక్టర్ రాసిన చీటీలు, పాత రిపోర్టులు ఒక సంచిలో మీ చేతిలోనే ఉండాలి. ఇన్సులిన్ వాడుతుంటే చల్లదనం నిలిచే ఫ్లాస్కులో పెట్టుకోండి, కానీ ఐసుకు నేరుగా తగలకూడదు, గడ్డకడితే పనికిరాదు.

ఆవిడకు లోపల ఉండే ఇంకో భయం, అక్కడ తెలుగులో పలకరించే మనిషి ఉంటారా, గుడి ఉంటుందా అని. నోరు తెరిచి చెప్పకపోవచ్చు, మీరే కదిపి చూడండి. పూణెలో తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. ఊరి బయట కేత్కావలేలో తిరుమల గుడి నమూనాలోనే కట్టిన వెంకటేశ్వరస్వామి ఆలయం ఉంది, దాన్ని అక్కడ "ప్రతి బాలాజీ" అంటారు. వెళ్లిన కొత్తలోనే ఒక ఆదివారం తీసుకెళ్తామని ఇప్పుడే మాటివ్వండి.

మీవారితో ఫోను గొడవల గురించి. ఆయన రోజూ చూసేది ఖాళీ ఫ్లాటు, మీరు చూసేది నిండిన ఇల్లు. అందుకే ఆయనకు ప్రతిదీ "అక్కడే వదిలేయ్" అనిపిస్తుంది, మీకు ప్రతిదీ కావాలనిపిస్తుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. తీర్పులు పంచుకోండి. వంటిల్లు, బట్టలు మీ ఇష్టం. అత్తగారి వస్తువులు ఆవిడ ఇష్టం. మంచాలు, బీరువా, సోఫా ఆ ఫ్లాటులో పడతాయా లేదా అన్నది ఆయన పని. టేపు పట్టుకుని తలుపుల వెడల్పు, లిఫ్టు లోపలి ఎత్తు, పడకగది గోడల పొడవు కొలిచి పంపమనండి. బీరువా పట్టకపోతే పట్టదు, ఇక దాని మీద మాట అక్కర్లేదు. కొలతల మాట వచ్చాక వాదన తగ్గిపోవడం నేను ప్రతిసారీ చూస్తున్నాను. ఇంకొకటి, రాత్రి భోజనమయ్యాక షిఫ్టింగ్ మాట ఎత్తొద్దు. ఆ టైముకి ఇద్దరూ అలసిపోయి ఉంటారు. మీరు ఎండలో తిరిగి, ఆయన హోటల్ తిండి తిని.

బాబు గురించి మీరు ఒక్క ముక్కే రాశారు, "వాడికేం పట్టినట్టు లేదు" అని. ఆ వయసు పిల్లలు అలాగే కనిపిస్తారు. వాడికి ఒక పెట్టె ఇచ్చేయండి. అందులో ఏం పెట్టుకుంటాడో మీరు చూడొద్దు, అడగొద్దు. ఈ సెలవుల్లో స్నేహితులతో ఆట మాన్పించి ప్యాకింగ్‌లో కూర్చోబెట్టొద్దు. మహారాష్ట్రలో ఏ బోర్డు స్కూలైనా మరాఠీ నేర్చుకోక తప్పదు. కాకపోతే అక్షరాలు హిందీవే కాబట్టి హిందీ చదవగలిగితే మొదటి భయం పోతుంది. ఆ సంగతి వాడికి ఇప్పుడే చెప్పండి.

ఆవకాయ. పెట్టండి. నా మాట నమ్మి పెట్టండి. ఈ ఐదు వారాల్లో మీ అత్తగారికి తన చేతుల్లో ఉన్న పని అదొక్కటే. ముక్కలు కొట్టించడం, ఆవపిండి ఆరబెట్టడం, మూడో రోజు తిరగకలపడం, ఇవన్నీ జరుగుతుంటే ఇంట్లో వాతావరణమే వేరుగా ఉంటుంది. కాకపోతే బండికి కనీసం రెండు వారాల ముందు పెట్టేయండి, ఊరి నూనె పైకి తేలే టైముండాలి.

పెట్టిన జాడీతోనే బండి ఎక్కించాలని మాత్రం చూడొద్దు. వాసెన కట్టిన గుడ్డ లారీ కుదుపులకు ఆగదు. నూనె గుడ్డలోంచి ఊరి అట్టపెట్టె అడుగు తడిసి, పక్కనున్న బట్టల పెట్టెకూ అంటుకుంటుంది. వెడల్పు మూతి ఉన్న మంచి రకం ప్లాస్టిక్ డబ్బాల్లోకి, మరమూత గట్టిగా పడేవాటిలోకి మార్చండి. స్టీలు డబ్బా వద్దు, ఉప్పూ పులుపూ లోహాన్ని తినేస్తాయి. పొడి గరిటెతో అదిమి మధ్యలో గాలి లేకుండా చేసి, పైన రెండు వేళ్ల ఖాళీ వదలండి. అంచు దాకా నింపితే ఎండకు పొంగుతుంది. ముక్క కనపడకుండా నూనె పైన నిలవాలి. మూతి మీద పాలిథిన్ కాయితం వేసి, దాని మీద మూత బిగించి, చుట్టూ టేపు వేయండి. ఒక్కో డబ్బాను ఒక్కో కవరులో కట్టి, అన్నిటినీ ఒక ప్లాస్టిక్ టబ్బులో నిలబెట్టి, సందుల్లో పాత తువ్వాళ్లు కుక్కండి. ఆ టబ్బు బండిలో అన్నిటికంటే చివర ఎక్కాలి, దాని మీద ఇంకేదీ పెట్టకూడదు. ఖాళీ జాడీని కడిగి బాగా ఎండబెట్టి, లోపల నూలు చీరలు కుక్కి, బయట దుప్పటి చుట్టండి. మూత విడిగా చుట్టాలి. పూణె చేరాక తిరిగి జాడీలోకి మార్చి పైన కాస్త నువ్వులనూనె పోయమనండి. మీరు వెళ్లేది అక్కడ వానలు మొదలయ్యే రోజులు. తడి గరిటె తగిలితే బూజు పట్టడం ఖాయం. ఏడాదికి సరిపడా కారం కూడా ఇక్కడే కొట్టించుకుంటారు కదా, అదీ గాలి చొరని డబ్బాలోనే ఉంచండి.

చివరి రెండు వారాల్లో భోజనాల పిలుపులు మొదలవుతాయి. ప్రేమతోనే పిలుస్తారు, కానీ రోజూ రాత్రి ఒకరింట్లో తిని పదకొండింటికి ఇంటికి చేరితే మర్నాడు ఏ పనీ సాగదు. నిద్ర చెడితే మనసు చెడుతుంది. ఒక ఆదివారం సాయంత్రం మీ ఇంటికే అందరినీ టీకి పిలిచేయండి. ఇచ్చేసే కుప్పను ముందుగదిలో పెట్టి, ఎవరికి నచ్చింది వాళ్లను తీసుకెళ్లమనండి. కొత్తపేటలో ఒకావిడ ఇలా చేశారు. కుట్టుమిషను పక్కింటి అమ్మాయి పట్టుకెళ్లింది, పాత సైకిల్ పనిమనిషి కొడుకుకు వెళ్లింది. తులసి కోట కుండీ మొదటి అంతస్తువాళ్లు తీసుకున్నారు, ఆవిడ దాని విత్తనాలు పొట్లం కట్టుకున్నారు. పాత సామాను వాడికి కిలోల లెక్కన అమ్మితే వచ్చే బాధ ఇందులో ఉండదు.

కాయితాల పని గబగబా చెబుతాను.

గ్యాస్: సిలిండర్లు, రెగ్యులేటర్ ఏజెన్సీకి అప్పగిస్తే డిపాజిట్ తిరిగిచ్చి టెర్మినేషన్ వోచర్, అంటే కనెక్షన్ అప్పగించినట్టు చీటీ, ఇస్తారు. అది చూపిస్తే పూణెలో కొత్తగా డిపాజిట్ కట్టించుకుని కనెక్షన్ ఇస్తారు. ఆ ఫ్లాటుకు పైపు గ్యాస్ ఉందేమో ముందే కనుక్కోండి, ఉంటే మీ స్టవ్‌కు నాజిల్ మార్పించాలి. స్కూలు: టీసీతో పాటు ఇప్పటిదాకా చదివిన ప్రతి తరగతికీ స్టడీ సర్టిఫికెట్ తీసుకోండి. రేపు బాబు మన రాష్ట్రంలో సీటు కోసం చూస్తే ఇక్కడి లోకల్ అభ్యర్థేనని రుజువుకు అవి అడుగుతారు. వేసవి సెలవుల్లో ఆఫీసు ఏ రోజుల్లో తెరుస్తారో రేపే ఫోన్ చేసి కనుక్కోండి. స్కూటీ: రవాణా శాఖ నుంచి ఫారం 28తో, అభ్యంతరం లేదని చెప్పే ఎన్‌ఓసీ తీసుకోవాలి. చలానాలు ఏమైనా ఉంటే ముందు కట్టేయండి, లోను ఉంటే బ్యాంకు అనుమతి కావాలి. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంచితే అక్కడి నంబరు వేయించుకోవాలి. ఓటు: వెళ్లాక చిరునామా మార్పుకు ఫారం 8 పెట్టండి. మీవారికి చెప్పాల్సింది: మహారాష్ట్రలో అద్దె ఒప్పందం రిజిస్టర్ చేయించడం తప్పనిసరి. ఆ కాయితం చేతిలో ఉంటే గ్యాస్‌కూ, స్కూలుకూ, అన్నిటికీ చిరునామా రుజువుగా పనికొస్తుంది. కాబట్టి అది మీరు బయల్దేరేలోపే అయిపోవాలి.

ఈ కాయితాలన్నీ బండిలో వెళ్లకూడదు. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగాక, అక్కడి నుంచి మారిపోయిన కుటుంబాల సామాను మేం మోశాం. పరుపులు, ఫ్రిజ్‌లు పోయినందుకు కాదు, పిల్లల సర్టిఫికెట్లు ముద్దయిపోయినందుకు ఏడ్చారు వాళ్లు. అన్నీ జిప్ ఉన్న ప్లాస్టిక్ ఫోల్డరులో పెట్టి, ఫోటోలు తీసి ఫోనులో ఉంచుకుని, మీ భుజానికి తగిలించుకునే సంచిలో పెట్టుకోండి. బంగారం, డబ్బు కూడా అంతే.

బండి మాట్లాడేటప్పుడు జాగ్రత్తలు, నేను అదే వ్యాపారంలో ఉన్నా చెబుతున్నాను. ఫోనులోనే రేటు చెప్పేవాళ్లను నమ్మొద్దు. ఇంటికి వచ్చి చూడాలి, లేదా వీడియోలో ప్రతి గదీ చూడాలి. అందరికంటే బాగా తక్కువ చెప్పినవాడు దించే చోట అదనం అడుగుతాడు, సామాను బండిలో ఉంటుంది కాబట్టి మీరు ఇవ్వక తప్పదు. మొత్తం రేటు, అందులో ఏమేం కలిసి ఉన్నాయో, అంతస్తులు ఎక్కించడంతో సహా రాతపూర్వకంగా తీసుకోండి. జీఎస్టీ నంబరు చూడండి, లారీ రసీదు తీసుకోండి, డబ్బంతా ముందే కట్టొద్దు. వాడిన ఇంటి సామానుకు ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసే చీటీ) అక్కర్లేదు, దాని పేరుతో డబ్బడిగితే ఎందుకని అడగండి. బండి మీ ఒక్కరిదేనా, ఇంకొకరి సామానూ కలుస్తుందా అన్నది స్పష్టంగా తేల్చుకోండి. కలిపి పంపితే చవకే, కానీ దారిలో దించి మళ్లీ ఎక్కిస్తారు, రోజులు పెరుగుతాయి. మీరు వెళ్లేది ఎనిమిది వందల కిలోమీటర్ల పైమాట, వానల కాలం, పెద్దావిడ ఉన్న ఇల్లు. మీకైతే విడి బండి, అదీ మూసిన కంటైనర్ బండి మంచిదంటాను.

చివరి మూడు రోజుల్లో తేల్చాల్సిన పని ఏదీ మిగలకూడదు. ఫ్రిజ్ ఒకరోజు ముందు ఆపి లోపల తడి లేకుండా తుడిచి తలుపు తెరిచి ఉంచండి, నిలబెట్టే తీసుకెళ్లమనండి. దిగాక నాలుగైదు గంటలు ఆగి స్విచ్ వేయాలి. ముందు తలుపున్న వాషింగ్ మెషీను అయితే కొన్నప్పుడు ఇచ్చిన ట్రాన్సిట్ బోల్టులు (లోపలి డ్రమ్ము కదలకుండా పట్టి ఉంచేవి) వెతికి బిగించండి. టీవీ వెనక వైర్లు పీకే ముందు ఫోటో తీసుకోండి. ఏసీ ఉంటే విప్పేముందు గ్యాస్‌ను బయటి యూనిట్‌లోకి లాక్ చేయించాలి, ఇది మెకానిక్ పని. కరెంటు మీటరు రీడింగ్ ఫోటో తీసి ఓనరుకు పంపండి, అడ్వాన్స్ లెక్క ఆ రోజే ముగించుకోండి. హమాలీలను తెల్లవారుజామునే రమ్మనండి. జూన్ ఎండలో పదింటి తర్వాత బరువులు మోయించడం వాళ్లకూ కష్టం, మీ సామానుకూ మంచిది కాదు.

బండి వెళ్లిపోయాక ఆ రాత్రి ఖాళీ ఇంట్లో పడుకోవద్దు. ఇది గట్టిగా చెబుతున్నాను. అన్ని రోజులూ ధైర్యంగా ఉన్నవాళ్లు కూడా ఆ గంటలో డీలాపడతారు, ముఖ్యంగా పెద్దవాళ్లు. ఇల్లు ఊడ్చి, దీపం పెట్టి, తాళాలిచ్చి అటునుంచే బంధువులింటికి వెళ్లిపోండి. విజయవాడ నుంచి కోణార్క్ ఎక్స్‌ప్రెస్ నేరుగా పూణె వెళ్తుంది. అరవై రోజుల ముందు నుంచే టికెట్లు ఇస్తారు కాబట్టి ఈపాటికే ఆలస్యం, అత్తగారికి కింది బెర్తు చూసి ఇవాళే చేయించండి. సామాను లారీకంటే ముందే రైలు చేరుతుంది. మధ్యలో ఒకటి రెండు రోజులకు చిన్న కుక్కరు, ఇండక్షన్ పొయ్యి, మూడు కంచాలు, దుప్పట్లు, కాస్త బియ్యం, కందిపప్పు, ఒక చిన్న సీసా ఆవకాయ మీ వెంటే ఉండాలి.

ఒక్క హెచ్చరిక. నేను చెప్పినదంతా మామూలు ఎగుడుదిగుడుల గురించి. మీకైనా అత్తగారికైనా రెండు వారాలకు పైగా నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా, దేని మీదా ఆసక్తి లేకపోయినా అది షిఫ్టింగ్ వల్లేలే అని వదిలేయొద్దు. డాక్టరుకు చూపించండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ తీసుకోరు.

ఈ వారానికి మీ పని మూడే: తేదీల కాయితం, రైలు టికెట్లు, అత్తగారిని అడిగి రాసే జాబితా. అటక ఇంకో రెండు వారాలు అలాగే ఉండనివ్వండి. ఈలోపు మీవారిని అడిగి పూణె ఫ్లాటు ఎన్నో అంతస్తో, సామాను లిఫ్టులో ఎక్కించనిస్తారో లేదో, సొసైటీవాళ్లు ఏ టైములో దించుకోనిస్తారో ఇక్కడ రాయండి. దాన్నిబట్టి మీకు ఏ సైజు బండి సరిపోతుందో, ఇక్కడి నుంచి ఎన్నింటికి కదిలితే అక్కడ గేటు దగ్గర ఆగిపోకుండా ఉంటుందో చెబుతాను.